స్టాండు ఉయ్యాల, బేబీ కాట్: ఇద్దరు పిల్లలకు వాడాక

ముందే తేల్చి చెప్తాం. స్ప్రింగు ఉయ్యాల బిడ్డను నిద్రపుచ్చడానికి బాగా పనికొస్తుంది, రాత్రంతా పడుకోబెట్టడానికి పనికిరాదు. అనంతపురం ఎండల్లో ఇద్దరు పిల్లలకు రెండూ వాడిన మీదట చెప్తున్న మాట ఇది. ఒక్కటే కొనగలిగితే కాట్, అంటే చుట్టూ కమ్మీలుండే పసిపిల్లల మంచం, కొనండి.

ఉయ్యాలలో ఉండేవి నాలుగే: ఇనుప పైపుల స్టాండు, కొక్కేనికి తగిలించే స్ప్రింగు, బట్ట సంచి, సంచి నోరు మూసుకోకుండా అడ్డంగా ఒక బద్ద. సందె వేళ ఏడుపు అందుకున్న బిడ్డ ఆ పైకీ కిందికీ ఊగడానికి తొందరగా సద్దుమణుగుతుంది. చీర ఉయ్యాలకు దూలం వెతుక్కోవాలి, దీనికి ఆ బాధ లేదు. కరెంటు పోతే వరండాలోకి జరుపుకోవచ్చు.

చిక్కంతా బట్ట వంపులో ఉంది. వాడేకొద్దీ బట్ట సాగి మధ్యలో గుంత పడుతుంది. బిడ్డ నడుము అందులోకి దిగితే గడ్డం వచ్చి ఛాతీకి ఆనుతుంది. పసిబిడ్డకు తల బరువు, మెడ లేత. గడ్డం వంగితే గాలిగొట్టం ఇరుకవుతుంది, తల ఎత్తుకునే బలం ఉండదు. ఏడుపు కూడా వినపడదు కాబట్టి పక్క గదిలో ఉన్నవాళ్లకు తెలియదు. 10 డిగ్రీలకు మించి వాలుండే పసిపిల్లల పడకలు అమ్మకూడదని అమెరికాలో 2022లో చట్టమే చేశారు.

అందుకని ఊపేవాళ్లు పక్కనే కూర్చోవాలి. చెయ్యి ఎత్తి వదిలితే వాలిపోయేంత నిద్ర పట్టగానే కాట్‌లోకి మార్చాలి. దించేటప్పుడు ముందు పిరుదులు, తర్వాత వీపు, చివర తల ఆనించి, ఛాతీ మీద అరచెయ్యి కాసేపు ఉంచాలి. తల ముందు ఆనిస్తే ఉలిక్కిపడి లేస్తారు.

స్ప్రింగును వారానికోసారైనా చూడాలి. బరువు తీసేశాక కూడా చుట్లు దగ్గరికి రాకపోతే దాని పని అయిపోయినట్టే. లోపలినుంచి గట్టి తాడో గొలుసో ఉండాలి, స్ప్రింగు తెగినా సంచి కింద పడకుండా. కొక్కెం నోరు తెరుచుకుంటోందేమో, బద్ద జారుతోందేమో చూడండి. బద్ద జారితే సంచి అంచులు రెండూ బిడ్డ మొహం మీదికి మూసుకుంటాయి. ఇంట్లో పెద్దపిల్ల ఉంటే స్ప్రింగుకు బట్ట తొడుగు కుట్టించండి, వేళ్లు నలుగుతాయి. బిడ్డ బోర్లా పడటం మొదలుపెట్టిందంటే, డబ్బా మీద ఎన్ని కిలోలని రాసున్నా సరే, ఉయ్యాల విప్పేయాల్సిందే.

కాట్ వడ్రంగి చేత చేయిస్తే కొలతలు మనమే చెప్పాలి. కమ్మీల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటకూడదు. చెప్పకపోతే మంచాల అలవాటు కొద్దీ ఎక్కువ వదిలేస్తారు, అందులోంచి ఒళ్లు జారి తల ఇరుక్కుంటుంది. పరుపుకూ అంచుకూ మధ్య రెండు వేళ్లకు మించి పట్టకూడదు. కొబ్బరిపీచు పరుపు మేలు. చేత్తో నొక్కి తీస్తే వెంటనే లేవాలి. బూరుగుదూది పరుపు మొహం పడినచోట గుంతవుతుంది, వద్దు. పాతచీరల బొంత ఒక్కటి బిగుతుగా పరిచి అంచులు పరుపు కిందికి దోపితే చాలు. రబ్బరు షీటు వేస్తే పైన నూలు గుడ్డ తప్పనిసరి, లేకపోతే ఎండాకాలం వీపంతా చెమటకాయలే. నాపరాళ్ల నేల మీద నాలుగు కాళ్లూ సమంగా ఆనవు, రబ్బరు బుష్షులు వేయించండి.

కాట్‌లో బిడ్డ తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఇక్కడే అవ్వలతో పేచీ వస్తుంది. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెడతామంటారు. దాని బదులు మెలకువగా ఉన్నప్పుడు రోజుకు రెండు మూడుసార్లు కాసేపు బోర్లా వేసి ఆడించండి. పడుకోబెట్టేటప్పుడు తల ఒకరోజు ఇటు, ఒకరోజు అటు తిప్పండి. వెల్లకిలా పడుకుంటే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయన్నది ఇంకో భయం. నిజానికి వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. పాలు కిందికే జారతాయి. మెడలో తాయెత్తు, దిష్టి తాడు నిద్రవేళ తీసేయాలి. మొలతాడు ఉన్నా పర్వాలేదు.

మా ఊళ్లో నిద్ర చెడగొట్టేది ఎక్కువగా వేడి. పగలంతా కాగిన మిద్దె రాత్రి చాలాసేపు వేడి వదులుతూనే ఉంటుంది. పలచటి నూలు జుబ్బా ఒక్కటి చాలు, ఇంట్లో టోపీ అక్కర్లేదు. చేతులు కాళ్లు పట్టి చూస్తే లాభం లేదు, అవి చల్లగానే ఉంటాయి. మెడ వెనక, ఛాతీ తాకి చూడాలి. అక్కడ చెమట తగిలితే ఉక్క పెడుతున్నట్టు. కూలర్ గాలి నేరుగా బిడ్డకు కొట్టకుండా గోడవైపు తిప్పి, ఎదురు కిటికీ తీసి ఉంచాలి. మూసిన గదిలో కూలర్ పెడితే తేమ చేరి ఉక్క ఇంకా పెరుగుతుంది. ఆరు నెలల లోపు దాహమని నీళ్లు పట్టొద్దు, పాలే ఇంకోసారి ఇవ్వాలి.

దోమలకు కాట్ నాలుగు మూలలా కర్రలు కట్టించి దోమతెర దించి, అంచులు పరుపు కిందికి బిగించడం మేలు. గొడుగు తెర బోర్లాపడే బిడ్డ మొహానికి తగులుతుంది. సాంబ్రాణి పొగ, దోమల చుట్ట బిడ్డ పడుకునే గదిలోకి రానీయొద్దు. కాట్ మాత్రం కనీసం ఆరు నెలలు మీ మంచం పక్కనే ఉండాలి.

కూర్చోవడం రాగానే పరుపు ఒక మెట్టు కిందికి దించేలా ముందే రెండు ఎత్తుల్లో పట్టీలు కొట్టించుకోండి. ఉయ్యాల ఎవరికైనా ఇవ్వాలనుకుంటే స్టాండు ఇవ్వండి. స్ప్రింగు, సంచి వాళ్లను కొత్తవి కొనుక్కోమనండి.