కార్లు మొత్తం ఆపేయడమా, ఫీజు పెట్టి రానివ్వడమా?
సిటీ సెంటర్‌లో వీధి మొత్తం మూసేసి నడిచేవాళ్లకి ఇచ్చేయడం ఒక దారి, కోపెన్‌హాగన్ వాళ్లు 1962లోనే స్ట్రోయెట్ వీధిలో చేసింది ఇదే, బేరాలు పోతాయని షాపులవాళ్లు భయపడ్డారు కానీ ఆ వీధి ఇప్పటికీ కిటకిటలాడుతూనే ఉంది. రెండోది లండన్ పద్ధతి, సెంటర్‌లోకి వచ్చే కారుకి ఫీజు, 2003లో రోజుకి 5 పౌండ్లతో మొదలెట్టారు, కెమెరా నంబర్ ప్లేట్ చదివేస్తుంది, గేటూ లేదు టోల్ బూతూ లేదు. వచ్చిన డబ్బు బస్సులకి పెట్టొచ్చు, అది ప్లస్సే. కాకపోతే డబ్బున్నోడు కట్టేసి దర్జాగా వెళ్లిపోతాడు. మూసేస్తే ఆ తేడా ఉండదు, అందరూ నడవాల్సిందే, కానీ సరుకు బండ్లకి పొద్దున్నే టైమ్ ఇవ్వాలి, అంబులెన్సుకి దారి వదలాలి, పక్క వీధుల మీద పడే లోడ్ సంగతీ చూడాలి (ఇదే అందరూ మర్చిపోయేది). ఇరుకు షాపింగ్ వీధులైతే నా ఓటు మూసేయడానికే, పెద్ద ఏరియాకైతే ఫీజే నయం, అదీ బస్సులు సరిగ్గా తిరిగితేనే.