క్యాంపస్ సౌకర్యాలపై అభిప్రాయ సేకరణ: ఆన్‌లైన్ ఫారమా, మ్యాపు బల్లా?

1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం లాంటి పెద్ద క్యాంపస్‌లో మంచినీళ్ల కుళాయి, వీధిలైటు, ర్యాంపు ఎక్కడ పెట్టాలో వాడేవాళ్లనే అడగాలి. ఎలా అడగాలన్నదే చిక్కు: ఆన్‌లైన్ ఫారం పంపొచ్చు, లేదా బల్ల మీద క్యాంపస్ మ్యాపు పరిచి, కావాల్సిన చోట చుక్క అంటించమనొచ్చు.

ఖర్చు: ఫారం ఉచితం. బల్లకు ఏ0 సైజు (బల్లంత పెద్ద కాగితం) మ్యాపు ప్రింటు, రంగు చుక్కల స్టిక్కర్లు, ఇద్దరు మనుషులు కావాలి.

శ్రమ: ఫారంలో "హాస్టల్ దగ్గర లైట్లు లేవు" అని రాస్తారు. ఏ హాస్టలో, ఏ వైపో ఉండదు. బల్ల దగ్గరైతే వేలు పెట్టి చూపిస్తారు: "ఇదిగో, మెస్ వెనక మలుపు. ఏడు దాటితే చీకటే." ఆ మాట చుక్క పక్కనే రాసుకోవాలి, లేకపోతే సాయంత్రానికి చుక్కలే మిగులుతాయి.

రిస్కు: ఫారం లింకు విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లోనే తిరుగుతుంది. స్వీపర్లు, మెస్ వర్కర్లు, సెక్యూరిటీ వాళ్లు వాటిలో ఉండరు. ఇది చిన్న లోపం కాదు, రోజంతా క్యాంపస్‌లో తిరిగేది వాళ్లే. బల్ల దగ్గర, ముందు పడ్డ చుక్కల చుట్టే తర్వాతివాళ్లూ అంటిస్తారు. గంటకోసారి కొత్త షీటు వేయాలి. సముద్రపు గాలికి నాలుగు మూలలా క్లిప్పులు తప్పవు.

లైబ్రరీ వేళలు, బస్సు టైముల్లాంటి వాటికి ఫారం చాలు, పది ప్రశ్నలు దాటకుండా. స్థలం తేల్చాలంటే బల్లే: మధ్యాహ్నం మెస్ దగ్గర, షిఫ్టు మారే వేళ గేటు దగ్గర. వీల్‌చెయిర్ వాడేవాళ్ల విషయంలో రెండూ చాలవు. వాళ్లతో కలిసి ఆ దారంతా వెళ్లి చూడాల్సిందే.