గర్భిణికీ బాలింతకూ డిప్రెషన్: హైదరాబాద్‌లో ఎవరి దగ్గరికి వెళ్తే మేలు?

కాన్పయిన మూడో నాలుగో రోజు నుంచి ఊరికే కన్నీళ్లు రావడం, చిన్న మాటకే గొంతు పూడుకుపోవడం చాలామంది బాలింతల్లో కనిపిస్తుంది. మహా అయితే రెండు వారాల్లో దానంతటదే పోతుంది. దీనికి డాక్టరు అక్కర్లేదు. వేళకు అన్నం, ఎవరూ లేపని నాలుగు గంటల నిద్ర, పక్కన విసుక్కోని మనిషి ఉంటే చాలు. రెండు వారాలు దాటినా వదలకపోతే, లేదా కడుపుతో ఉండగానే ఏదీ రుచించక, దేనిమీదా ధ్యాస లేక రోజులు గడుస్తుంటే అది డిప్రెషన్ కావచ్చు. ఇంట్లోవాళ్లు కూడా పట్టుకోగల గుర్తు ఒకటుంది. బిడ్డ నిద్రపోయింది, ఎత్తుకోవడానికి అమ్మమ్మ ఉంది, గదిలో లైటు ఆర్పేశారు, అయినా తల్లికి కునుకు పట్టదు.

ఇదేమీ అరుదు కాదు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణలో కాన్పు తర్వాతి డిప్రెషన్ నూటికి 22 మందిలో తేలింది.

హైదరాబాద్‌లో దారులు చాలానే ఉన్నాయి: గైనిక్ డాక్టరు, పిల్లల డాక్టరు, సైకాలజిస్టు (మాటలతో చికిత్స చేసేవారు), ప్రైవేటు సైకియాట్రిస్టు (మందులు రాసే మానసిక వైద్యులు), సర్కారు ఆసుపత్రి ఓపీ, 14416 ఫోను (సర్కారువారి మానసిక ఆరోగ్య సహాయ లైను). ఏది మేలని అడిగేవాళ్లు డాక్టరు పేరు, ఫీజు చూస్తారు. మా లెక్కలో ముందు అడగాల్సింది వేరు: చంటిబిడ్డను వేసుకుని అక్కడికి ఆరుసార్లు వెళ్లిరాగలరా? మొదటిసారి తప్పు చోటికి వెళ్తే సరిదిద్దుకోవచ్చు. మూడోసారి వెళ్లడం మానేస్తేనే చికిత్స చెడుతుంది.

గైనిక్ డాక్టరా, పిల్లల డాక్టరా?

కడుపుతో ఉన్నన్నాళ్లూ గైనిక్ డాక్టరే మేలు. ఏడో నెల దాకా నెలకోసారి, ఆ తర్వాత రెండు వారాలకోసారి, తొమ్మిదో నెలలో వారం వారం ఎలాగూ వెళ్తారు. చిక్కల్లా సమయం దగ్గరే. స్కాన్ చూసి, బీపీ చూసి, ఐరన్ రాసేసరికి వంతు అయిపోతుంది. "ఎలా ఉన్నావమ్మా" అంటే "బానే ఉన్నా మేడం" అని నోటికొచ్చేస్తుంది, పక్కన అత్తగారు ఉంటే మరీను. అందుకే నోటితో చెప్పేకన్నా కాగితం ఇవ్వడం తేలిక. ఎడిన్‌బరో స్కేల్ అని 1987 నుంచి వాడుకలో ఉన్న ప్రశ్నావళి ఉంది. గడిచిన ఏడు రోజుల గురించి 10 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 30. 13 గాని అంతకన్నా ఎక్కువ గాని వస్తే డిప్రెషన్ ఉందేమోనని డాక్టరు కూర్చోబెట్టి అడగాలి. మొత్తం ఎంత తక్కువ వచ్చినా పదో ప్రశ్నకు, అంటే తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనకు, సున్నా కాని జవాబు వస్తే అదే రోజు మాట్లాడాలి.

కాన్పయ్యాక కథ మారిపోతుంది. గైనిక్ దగ్గరికి ఆరో వారంలో ఒకసారి వెళ్తారు, కుట్లు మానాయా అని చూస్తారు, అంతే. ఆ తర్వాత తల్లి డాక్టర్ల కంట పడేది బిడ్డ టీకాల రోజునే: 6, 10, 14 వారాలు, మళ్లీ తొమ్మిదో నెల. కాబట్టి బాలింతకు పిల్లల డాక్టరే తొలి మెట్టు. ఆయన మందు రాయకపోవచ్చు, కానీ ఎవరి దగ్గరికి వెళ్లాలో చీటీ రాస్తారు. ఆ చీటీకి ఇంట్లో విలువుంటుంది. "బిడ్డ కోసం వెళ్లమన్నారు" అంటే అడ్డుచెప్పేవాళ్లు తక్కువ.

ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు హీమోగ్లోబిన్, థైరాయిడ్ టీఎస్‌హెచ్, బీ12 చూపించుకోవాలి. కాన్పు తర్వాత ఏడాదిలోపు థైరాయిడ్ గాడి తప్పడం ఉన్నదే. అలసట, దిగులు, నిద్రలేమి అన్నీ అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటాయి. రక్తహీనత ఉండగా ఎన్ని కౌన్సెలింగులు చేయించినా మంచం దిగబుద్ధి కాదు.

మాటలతో చికిత్సా, మాత్రలా?

ఇంటింటా గొడవ ఇక్కడే. లేచి స్నానం చేస్తోంది, తింటోంది, బిడ్డకు పాలు పడుతోంది, కానీ లోపల సంతోషం లేదు అన్న స్థాయిలో ఉంటే మాటల చికిత్సతో మొదలుపెట్టవచ్చు. మంచం దిగడం లేదు, బరువు తగ్గిపోతోంది, బతకడం ఎందుకు అంటోంది అంటే మాత్ర కావాలి, మాటలు తోడుగా ఉండాలి. రెంటికీ మధ్య ఉంటే ఆమె ఇష్టం.

మాటల చికిత్స అంటే ధైర్యం చెప్పడం కాదు. అది మేనత్త కూడా చెబుతుంది. వారానికోసారి 45-50 నిమిషాలు, 8 నుంచి 16 సిటింగులు. ఒక పద్ధతిలో రోజును గంటలుగా గీసి, ఏ పనికి మనసు కాస్త తేలికైందో రాయిస్తారు. తర్వాత ఆ పనులే చిన్నచిన్నగా పెంచుతారు. పది నిమిషాలు డాబా మీద నడక, తల దువ్వుకోవడం, ఒక స్నేహితురాలికి ఫోను. ఇంకో పద్ధతిలో బంధాల మీద పని చేస్తారు: భర్తతో ఏ మాట ఎలా అడగాలి, రాత్రి పాలవేళల్లో ఒకటి ఎవరు పంచుకోవాలి. పడక, నిద్ర, తిండి కుదిరిన ఇంట్లో ఇది బాగా పనిచేస్తుంది. రాత్రికి రెండు గంటలు నిద్రపోయే తల్లికి హోంవర్కు ఇస్తే అది ఇంకో బరువు. మూడో సిటింగుకే మానేస్తుంది.

సైకాలజిస్టును ఎంచుకునేటప్పుడు క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉన్నాయా అని అడగడానికి మొహమాటపడొద్దు. కౌన్సెలర్ అన్న బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. తెలుగులో మాట్లాడగలరా అన్నది కూడా డిగ్రీ అంత ముఖ్యం. ఇంగ్లీషులో ఏడవడం అందరికీ రాదు.

ఇక మాత్రలు. పాలిచ్చే తల్లికి డాక్టర్లు తరచుగా ముందు ఆలోచించేది సెర్ట్రాలిన్. మామూలుగా 25 మి.గ్రా.తోనో 50తోనో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి పెంచుతారు. తల్లిపాలలోకి చాలా కొద్దిగా దిగుతుంది. తల్లి మోతాదులో బిడ్డకు చేరేది 10 శాతం లోపుంటే సాధారణంగా ఫర్వాలేదంటారు, ఇది దానికి చాలా దిగువన ఉంటుంది. మొదటి వారం వికారం, తలనొప్పి, కాస్త కంగారు ఉంటాయి. గుణం రెండు నుంచి నాలుగు వారాలకు మొదలై, పూర్తిగా తెలియడానికి ఆరు వారాలు దాటవచ్చు. ఆ మొదటి పది రోజుల్లోనే, ఇబ్బందులు కనిపించి గుణం కనిపించని సమయంలో, చాలామంది స్ట్రిప్పు పక్కన పడేస్తారు. నెమ్మదించాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. మానేటప్పుడు మెల్లగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరుగుడు, ఒంట్లో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం వస్తాయి.

గర్భంలో వాడితే బిడ్డకేమవుతుందన్న భయం న్యాయమైనదే. కొన్ని మందులు నిజంగానే కూడవు: మూర్ఛకు వాడే వాల్‌ప్రొయేట్ అసలు వద్దు, పారోక్సెటిన్ అనే డిప్రెషన్ మందు మొదటి మూడు నెలల్లో కొత్తగా మొదలుపెట్టరు. సెర్ట్రాలిన్ వంటివి చివరి నెలల్లో వాడితే కొందరు పిల్లలు పుట్టిన రెండు మూడు రోజులు వణుకు, చిరాకు చూపిస్తారు. సాధారణంగా దానంతటదే తగ్గుతుంది. కాన్పు గదిలో పిల్లల డాక్టరుకు ముందే చెప్పి ఉంచితే సరి. త్రాసులో రెండో పళ్లెం కూడా చూడాలి. చికిత్స లేని డిప్రెషన్‌లో తల్లి తినదు, చెకప్‌లకు పోదు. నెలలు నిండకముందే కాన్పు, తక్కువ బరువు బిడ్డ పుట్టే అవకాశాలు పెరుగుతాయి. ముందునుంచీ మాత్ర వాడుతున్నామె గర్భం తేలగానే సొంతంగా ఆపేయడం అన్నిటికన్నా చెడ్డ నిర్ణయం. జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది, అప్పుడు ఇంకా ఎక్కువ మోతాదు కావాల్సి రావచ్చు.

ఒక జాగ్రత్త. మెడికల్ షాపులో "నిద్రకి" అని ఇచ్చే ఆల్‌ప్రజోలం, క్లోనజెపామ్ డిప్రెషన్‌కు చికిత్స కాదు. స్ట్రిప్పు వెనక రెండు మందుల పేర్లు ఉన్నాయేమో చూడండి. డిప్రెషన్ మందులో క్లోనజెపామ్ కలిపిన మాత్రలు మన దగ్గర చాలా అమ్ముడవుతాయి. వాటితో పాలు తాగే బిడ్డ మత్తుగా ఉండవచ్చు, తల్లికి అలవాటు పడవచ్చు, పక్కలో బిడ్డ ఉండగా తల్లి గాఢనిద్రలోకి పోవడం అసలు ప్రమాదం. ఎన్ని రోజులకు రాశారో డాక్టర్ని అడిగి చీటీ మీద రాయించుకోవాలి.

ఎర్రగడ్డా, గాంధీనా, ప్రైవేటా?

"ఎర్రగడ్డకి పంపాలి నిన్ను" అన్న మాట నగరంలో తిట్టుగా స్థిరపడిపోయింది. అక్కడి మానసిక చికిత్సాలయంలో ఉన్నంతమంది సైకియాట్రీ వాళ్లు ఒకేచోట వేరే దొరకడం కష్టం. జబ్బు తీవ్రంగా ఉంటే, చేర్చాల్సి వస్తే అదే మేలు. మెట్రో ఎర్రలైన్లో ఎర్రగడ్డ స్టేషన్ దిగితే దగ్గర. ఇంట్లో ఆ పేరు ఎత్తలేని పరిస్థితి ఉంటే గాంధీ, ఉస్మానియా జనరల్ ఆసుపత్రుల సైకియాట్రీ ఓపీ చూడవచ్చు. ఎక్కడికెళ్లావంటే "గాంధీకి" అనొచ్చు, చెకప్ కూడా అదే ఆవరణలో అవుతుంది, మెట్రో స్టేషను గేటు దగ్గరే ఉంది. బస్సు ఆడవాళ్లకు ఉచితం కనుక ఖర్చంతా సమయంలోనే. పొద్దున ఓపీ చీటీ లైను, మళ్లీ డాక్టరు గది ముందు లైను. పాలసీసా, మార్చే బట్టలు, రెండో మనిషి లేకుండా వెళ్తే అలసిపోయి మళ్లీ వెళ్లరు. ఒకళ్లు లైన్లో, ఒకళ్లు బిడ్డతో ఉండాలి. ఇంకో చిక్కు, ప్రతిసారీ అదే డాక్టరు దొరకరు. పాత చీటీలన్నీ ఒక ఫైల్లో ఉంటేనే కథ మొదటినుంచి చెప్పే బాధ తప్పుతుంది.

ప్రైవేటులో అదే డాక్టరు ప్రతిసారీ చూస్తారు, సాయంత్రం వేళ దొరుకుతారు. మొదటి విజిట్‌కు అరగంట ఇచ్చేవారిని చూసుకోవాలి. గతంలో ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర అక్కర్లేకుండా అతి హుషారుగా ఉందా అని అడగకుండా మాత్ర రాస్తే ఆ డాక్టరు తొందరపడినట్టే. బైపోలార్ (అతి హుషారు, దిగులు మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవారికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఉన్మాదంలోకి తిరగవచ్చు. ఆరుసార్ల ఫీజు ముందే లెక్క వేసుకోండి. మూడోసారికే చేతిలో డబ్బు అయిపోయేలా ఉంటే మొదటినుంచీ గాంధీయే మేలు.

చేర్చాల్సి వస్తే బిడ్డను వేరు చేస్తారని భయపడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మూడేళ్లలోపు బిడ్డను, ప్రమాదం ఉందని తేలితే తప్ప, చికిత్సలో ఉన్న తల్లి నుంచి వేరు చేయకూడదు. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలకు కలిపి ప్రత్యేక వార్డే ఉంది.

ఫోనుకు 14416

ఈ లైను పేరు టెలిమానస్, 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రి రెండింటికైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. బిడ్డకు పాలు పట్టి కూర్చున్న ఆ వేళలో ఇంతకన్నా దగ్గర దారి లేదు. కానీ ఇది చికిత్స మొదలుపెట్టే దారి, నడిపించే దారి కాదు. నెలల తరబడి ఒకే మనిషి పట్టుకుని ఉండేది కాదు. ఆన్‌లైన్ సైకాలజిస్టు ఆ లోటు తీరుస్తారు గాని, రెండు గదుల ఇంట్లో తలుపు వేసుకుని అత్తగారి గురించి మాట్లాడటం ఎలా? ఆ 50 నిమిషాలు బిడ్డను భర్త కిందికి తీసుకెళ్లగలిగితేనే ఆన్‌లైన్ పెట్టుకోండి.

ఎంచుకునే వ్యవధి లేనప్పుడు

కాన్పయిన మొదటి రెండు మూడు వారాల్లో రెండు రాత్రులు అసలు నిద్రలేకుండా తిరగడం, ఎవరివో మాటలు వినిపిస్తున్నాయనడం, బిడ్డను మార్చేశారనో బిడ్డలో ఏదో ప్రవేశించిందనో నమ్మడం కనిపిస్తే అది మామూలు డిప్రెషన్ కాదు. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింటికి వచ్చే తీవ్రమైన స్థితి. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకుండా 108కి ఫోను చేసి అదే రోజు ఆసుపత్రికి చేర్చాలి. దిష్టి తీయాలనుకుంటే వెళ్లేముందు గుమ్మంలో తీసేయండి, దాని కోసం తెల్లవారేదాకా ఆగొద్దు.

దీనితో కలిపేసుకోకూడనిది ఇంకొకటి ఉంది. "బాల్కనీలోంచి బిడ్డను వదిలేస్తానేమో" అన్న ఆలోచన దూసుకొచ్చి, దానికి తనే హడలిపోయి బాల్కనీ తలుపు వైపే పోని తల్లి. ఆలోచనను అసహ్యించుకుంటోంది, దాచుకుంటోంది. అది ఆందోళన జబ్బు, మందుకూ మాటకూ లొంగుతుంది. ఆమెను బిడ్డకు దూరం పెడితే ముదురుతుంది. ఏది ఏదో ఇంట్లో తేల్చుకోవద్దు, ఆ మాట బయటికి చెప్పిన వారంలోనే సైకియాట్రిస్టుకు చూపించండి.

పుట్టింటికి వెళ్తే?

మన దగ్గర చికిత్సలు ఎక్కువగా తెగిపోయేది ఇక్కడే. శ్రీమంతం అవగానే ఏడో నెలలో కరీంనగరో నల్గొండో పుట్టింటికి, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక మళ్లీ నగరానికి. హైదరాబాద్ డాక్టరు రాసిన మందు ఊళ్లో అయిపోతుంది, అక్కడి షాపులో ఆ కంపెనీది దొరకదు, "పచ్చి బాలింత, పాలల్లోకి దిగుతుంది" అని ఎవరో ఆపిస్తారు. మందు మానుకుని తిరిగొచ్చే సమయానికి సరిగ్గా అత్తారింటి పని, ఉద్యోగం, రాత్రి మేలుకోవడం ఒక్కసారే మీద పడతాయి.

బయల్దేరే ముందు డాక్టరుతో మూడు పనులు చేయించుకోండి. చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించండి, జనరిక్ ఎక్కడైనా దొరుకుతుంది. "పాలు ఇస్తూ వాడవచ్చు" అని ఒక వాక్యం, సంతకంతో. వీడియోలో చూసే తేదీలు రెండు ముందే ఖాయం చేసుకోండి, ఒకటి కాన్పయిన రెండో వారానికి, ఒకటి ఆరో వారానికి. ఆ చీటీ ఫొటో ఆమె అమ్మ ఫోనులో కూడా ఉండాలి. ఊళ్లో షాపుకు వెళ్లేది ఆవిడే.