చిన్న కంపెనీలో ఖర్చుల కార్డులు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

రైస్ మిల్లు యంత్రాలకు మరమ్మతులు చేసే చిన్న కంపెనీ మాది. ఆఫీసు హనుమకొండలో ఉన్నా పనంతా పరకాల, నర్సంపేట, ములుగు, జమ్మికుంట, మంచిర్యాల వైపు. లెక్కలు చూసేది నేను. మా మెకానిక్‌లకు ప్రీపెయిడ్ ఖర్చుల కార్డులు, అంటే కంపెనీ ముందే డబ్బు వేసి ఉంచే కార్డులు, ఇచ్చి చాలాకాలమైంది. వాటివల్ల ఎక్కువ మేలు జరిగింది ఆ మెకానిక్‌లకే.

పాత పద్ధతి చాలా ఆఫీసుల్లో ఇప్పటికీ ఉన్నదే. అడ్వాన్సు తీసుకుని వెళ్లడం, అది చాలకపోతే సొంత డబ్బు పెట్టడం. వానాకాలం వడ్లు మిల్లులకు చేరే రోజుల్లో మెకానిక్‌లు ఇంటి ముఖం చూడరు. బేరింగులు, బెల్టులు, డీజిల్ అన్నీ చేతి నుంచే పెట్టుకునేవారు. ఓచర్ల మీద సంతకాలు పూర్తయి డబ్బు అందేసరికి జీతాల రోజు వచ్చేది. నెల జీతంతో ఇల్లు నడుపుకునే మనిషి కంపెనీకి అప్పు పెట్టడం ఏ రకంగానూ న్యాయం కాదు. ఇప్పుడు దుకాణం ముందు నిలబడి ఫోను చేస్తే, ఇక్కడి నుంచి కార్డులో డబ్బు వేస్తున్నాను. ఈ ఒక్క కారణం చాలు, నేను కార్డుల పక్షమే.

పెట్టుబడి తక్కువున్న కంపెనీకి క్రెడిట్ కార్డు కంటే ప్రీపెయిడ్ నయం. క్రెడిట్ కార్డుకు బ్యాంకులు తరచూ ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను హామీగా అడుగుతాయి. సరుకు కొనడానికే డబ్బు వెతుక్కునే చోట దాన్ని డిపాజిట్‌లో పెట్టి కూర్చోలేం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం పూర్తి కేవైసీ అయిన ప్రీపెయిడ్ కార్డులో 2 లక్షల రూపాయల వరకు ఉంచవచ్చు. మేము మాత్రం వారం ఖర్చుకు మించి ఉంచం. పిన్ లేకుండా 5,000 రూపాయల వరకు తాకించి చెల్లించే సౌకర్యాన్నీ, ఏటీఎంలో నగదు తీయడాన్నీ ఆపేయించాం.

అసలు కష్టం బిల్లులతో. కార్డు ఉంటే బిల్లు అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. కార్డు స్టేట్‌మెంట్‌లో దుకాణం పేరు, మొత్తం మాత్రమే ఉంటాయి. ఏం కొన్నారో ఉండదు. బేరింగు కొన్న బిల్లు మీద మా కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు లేకపోతే కట్టిన పన్నును మినహాయించుకోలేం. డీజిల్ జీఎస్టీ పరిధిలోనే లేదు కనుక అక్కడ ఆ గొడవ లేదు గానీ, బంకు బిల్లుకు ఇంకో జబ్బు ఉంది. ఆ నున్నటి కాగితం ఎండకు, చెమటకు తెల్లబడిపోతుంది. ములుగు నుంచి వచ్చిన ఒక బిల్లులో బంకు పేరు తప్ప ఏమీ మిగల్లేదు. ఎన్ని లీటర్లో, ఎంత మొత్తమో రెండూ చెరిగిపోయాయి. అప్పటి నుంచి కౌంటరు వదలకముందే ఫోటో తీసి కార్డు సంస్థ యాప్‌లో పెట్టాలని నియమం పెట్టాం. ఆడిటర్ గారు ఈ మధ్య నన్ను అడిగే ప్రశ్నలు బాగా తగ్గాయి.

నగదును పూర్తిగా మానుకోవడం మాత్రం మా వైపు కుదరదు. ఏనుమాముల దగ్గర మోటారు దించిన హమాలీలకు చేతిలో డబ్బు పెట్టాల్సిందే. తాడ్వాయి, ఏటూరునాగారం దారిలో సిగ్నల్ అందని చోట్ల కార్డు యంత్రం పనిచేయదు. అందుకే ప్రతి ఒక్కరి దగ్గరా కొంత చిల్లర, సంతకం పెట్టించుకునే ఓచరు పుస్తకం ఉంచాం. పెద్ద చెల్లింపులు కార్డులతోనూ చేయం, నగదుతోనూ చేయం. ఒకరికి ఒక రోజులో 10,000 రూపాయలకు మించి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో సాధారణంగా దాన్ని ఖర్చుగా ఒప్పుకోరు. సరుకు రవాణా కిరాయికైతే ఆ హద్దు 35,000. అలాంటివి నేరుగా బ్యాంకు ఖాతా నుంచే పంపిస్తాం.

కార్డు ఇచ్చిన సంస్థ సేవ అంత బాగుందని చెప్పలేను. శనివారం సాయంత్రం ఒక కార్డు ఆగిపోతే సోమవారం దాకా పలికిన వారు లేరు. ఏడాది రుసుము, డబ్బు వేసినప్పుడల్లా పడే రుసుము ముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఊళ్లోనే తిరిగే నలుగురైదుగురు ఉన్న చోట ఈ ఖర్చు దండగ, యూపీఐ సరిపోతుంది. రోజూ వేరే ఊళ్లకు మనుషులను పంపే కంపెనీకి మాత్రం తప్పకుండా తీసుకోమంటాను.

ఆ సంస్థను నేను పదేపదే అడుగుతున్నది ఒకటే: యాప్‌లో తెలుగు పెట్టమని. చెల్లింపు ఎందుకు ఆగిందో ఇంగ్లీషులో వస్తుంది. డబ్బు చాలలేదా, ఆ రకం దుకాణానికి అనుమతి లేదా అన్నది మెకానిక్‌కు అర్థం కాక నాకు ఫోను చేస్తాడు. రెండు తెలుగు వాక్యాలతో తీరే సమస్య అది.