సెలవుల తర్వాత వంటకి స్టీల్ స్టీమర్ కొనొచ్చా? వాడి చూసి రాసిన రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, కొనొచ్చు. కానీ మూడంతస్తులది వద్దు, వెడల్పుగా ఉన్న రెండంతస్తులది తీసుకోండి. చలికాలం సెలవులు అయిపోగానే చాలామంది ఆరోగ్యంగా వండుకోవాలని ఏదో ఒక కొత్త సామాను కొంటారు, నెల తిరక్కుండానే అది అటకెక్కుతుంది. స్టీమర్‌కి ఆ గతి పట్టకూడదని నా కోరిక. అందుకే బాగున్నవీ బాగోలేనివీ అన్నీ రాస్తున్నా.

ఇందులో పెద్ద టెక్నాలజీ ఏమీ లేదు. అడుగున నీళ్లు పోసే గిన్నె, దాని మీద చిల్లుల గిన్నెలు, పైన మూత, అంతే. మోటార్ లేదు, బోర్డు లేదు, రిపేర్‌కి పంపాల్సిన పనే రాదు. కొనేటప్పుడు స్టీల్ మీద 18/8 అనో 304 అనో ఉందేమో చూడండి, అంటే అందులో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయన్నమాట, తుప్పు అంత తేలిగ్గా పట్టదు. ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్లు అడుగుకి ఒక అయస్కాంతం ఆనించి చూడండి, గట్టిగా అతుక్కోకపోతే మీ పొయ్యి మీద అది వేడెక్కదు.

సెలవుల తర్వాత పనికొచ్చేది ఇదే అని ఎందుకంటున్నానంటే, మనం ఆ రోజుల్లో తిన్నదాంట్లో ఎక్కువ భాగం వేపుళ్లు, తీపి, ఉప్పు. జనవరి రాగానే దానికి విరుగుడుగా అన్నీ మానేసి రసాలు తాగుతూ కూర్చోవడం నాకు అస్సలు నచ్చదు. మొదటి వారంలో బరువు టక్కున తగ్గుతుంది కదా, దాంట్లో చాలావరకు నీరే. ఒంట్లో గ్లైకోజన్ రూపంలో దాచుకున్న ప్రతి గ్రాము పిండిపదార్థంతో పాటు దాదాపు 3 గ్రాముల నీరు ఉంటుంది, ఆ నిల్వ కరిగితే నీరూ పోతుంది, మళ్లీ మామూలుగా తినగానే తిరిగొస్తుంది. ఆ అంకె చూసి పొంగిపోయి, తర్వాత అదే అంకె చూసి కుంగిపోయి వంటే మానేసేవాళ్లు ఎంతోమంది. అలా కాకుండా రోజూ తినే తిండే తింటూ నూనె మాత్రం తగ్గిస్తే ఎంత తేడా వస్తుందో లెక్క చూడండి. గ్రాము కొవ్వుకి 9 క్యాలరీలు, గ్రాము పిండిపదార్థానికీ ప్రొటీన్‌కీ నాలుగేసి. ఒక పెద్ద చెంచా నూనె అంటే 120 క్యాలరీల దాకా వస్తుంది. కూరలో అలవాటుగా మూడు చెంచాలు పోసేవాళ్లు ఒక్క చెంచాకి తగ్గితే ఎవరి కడుపూ మాడదు, టెన్షన్ కూడా లేదు. స్టీమర్ ఆ పని మనతో బలవంతం లేకుండా చేయిస్తుంది. ఉడకడానికి నూనె అవసరమే లేదు కాబట్టి, రుచికి ఎంత కావాలో అంతే వేసుకుంటాం.

ఇక పనితనం. కూరగాయల విషయంలో దీనికి నేను ఫుల్ మార్కులు ఇస్తాను. విటమిన్ సి, ఫోలేట్ లాంటివి నీళ్లలో కరిగిపోతాయి, ముక్కలు నీళ్లలో ఉడకబెట్టి ఆ నీళ్లు వంచేస్తే వాటిలో మంచి వాటా సింకులోకి పోతుంది. ఆవిరిలో ముక్క నీళ్లలో మునగదు కాబట్టి ఆ నష్టం బాగా తక్కువ. పైగా త్వరగానే ఉడుకుతుంది. దీని వెనక ఉన్న లెక్క నాకు చాలా ఇష్టం. ఒక కిలో నీళ్లని 0 నుంచి 100 డిగ్రీలకి తేవడానికి సుమారు 420 కిలోజౌళ్ల వేడి చాలు, అదే ఒక కిలో ఆవిరి తిరిగి నీరయ్యేటప్పుడు దాదాపు 2257 కిలోజౌళ్లు వదిలేస్తుంది. ఆ వేడంతా ముక్క మీదికే దిగుతుంది. చెయ్యి అడ్డం పెడితే చేతి మీదికి కూడా దిగుతుంది, అందుకని మూత తీసేటప్పుడు మొహానికి దూరంగా, అవతలి వైపు ముందు లేచేలా తీయండి. పిల్లలు పక్కన ఉంటే మరీ జాగ్రత్త.

బీన్స్, బ్రోకలీ లాంటి పచ్చటివి నీళ్లు మరిగి ఆవిరి బాగా పట్టాకే పెట్టాలి, 5 నుంచి 7 నిమిషాల్లో దించేయాలి. ఎక్కువసేపు ఉంచితే కూరగాయలోని ఆమ్లాలు పత్రహరితంలోని మెగ్నీషియాన్ని ఊడగొడతాయి, రంగు మురికి ఆకుపచ్చకి తిరుగుతుంది, మెత్తబడిపోతుంది. ఆవిరి మీద వండిన తిండి పథ్యం కూడులా ఉంటుందని అనేవాళ్లలో చాలామంది తిన్నది ఇలా ఎక్కువ ఉడికిపోయిందే అని నా అనుమానం. క్యారెట్, బంగాళదుంప మాత్రం ముక్క సైజుని బట్టి 10 నుంచి 20 నిమిషాలు అడుగుతాయి. గుడ్లు కూడా పెట్టొచ్చు, ఓ 12 నిమిషాలకి గట్టిగా ఉడుకుతాయి, పెంకు కూడా బాగా వస్తుంది. చేప ముక్క అయితే సూపర్, విరగదు, ఎండిపోదు. థర్మామీటర్ ఉంటే లోపల 63 డిగ్రీలు, కోడిమాంసం అయితే 74 డిగ్రీలు వచ్చిందో లేదో చూసుకోండి. మాంసం, చేప ఎప్పుడూ కింది అంతస్తులోనే పెట్టాలి, పైన పెడితే ఆ పచ్చి రసం కింద ఉన్న కూరగాయల మీద కారుతుంది.

రుచి సంగతి నిజాయితీగా చెప్పాలి. స్టీమర్ రుచి ఇవ్వదు, ఉడకబెట్టి ఇస్తుంది, అంతే. 100 డిగ్రీల తేమలో ఏదీ ఎర్రగా వేగదు, ఆ కమ్మటి వాసన రాదు. రుచి మనమే చెయ్యాలి. ముక్కలు దించగానే, వేడి మీదే, వెల్లుల్లి తురిమి, మిరియాల పొడి చల్లి, నిమ్మకాయ పిండి, ఒక చిన్న చెంచా మంచి నూనె కలపండి. ఆ నూనె మానేయొద్దు, క్యారెట్‌లో, ఆకుకూరల్లో ఉండే కెరోటిన్లు ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు ఉండాల్సిందే. పులుపు ఉంటే ఉప్పు తక్కువైనా నాలుక పట్టించుకోదు, అది పెద్ద లాభం, ఎందుకంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే హద్దు రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే ఒక టీ చెంచా కూడా నిండదు. సెలవుల్లో ఉప్పు ఎక్కువ తిని అలవాటుపడ్డ నాలుకకి మొదట్లో అన్నీ చప్పగానే అనిపిస్తాయి. కొన్నాళ్లు ఓపిక పట్టండి, తర్వాత క్యారెట్‌లో తీపి తెలుస్తుంది, నిజంగా తెలుస్తుంది.

లోపాలు కూడా ఉన్నాయి. మూడో అంతస్తు దండగ. ఆవిరి అక్కడికి చేరేసరికి నీరసపడుతుంది, కింద ముక్కలు మెత్తబడిపోయినా పైన ఇంకా పచ్చిగానే ఉంటాయి, మధ్యలో గిన్నెలు అటూ ఇటూ మార్చాలి, అంత వేడిలో అది చిరాకు పని. గాజు మూతకి పట్టిన తేమ బొట్లుబొట్లుగా పై గిన్నెలో పడి తిండిని చెమ్మ చేస్తుంది, మూత కింద పల్చటి బట్ట కట్టి, కొనలు మంటకి తగలకుండా పైకి ముడేస్తే సరిపోతుంది. చౌకరకం వాటికి స్టీల్ పిడులు కాలిపోతాయి, అడుగు పల్చగా ఉంటుంది, నీళ్లు ఇంకిపోతే మాడిపోతుంది. అడుగు మందంగా ఉన్నదే తీసుకోండి, డబ్బు పెట్టాల్సింది అక్కడే, మూడో అంతస్తు మీద కాదు. గిన్నె అడుగున తెల్లగా ఉప్పు పొర కడితే కొంచెం వెనిగర్ పోసి మరిగిస్తే వదిలిపోతుంది.

ఒక హెచ్చరిక, ఇది చాలామందికి తెలియదు. రాజ్మా గింజల్ని స్టీమర్‌లో వండొద్దు. పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే ఒక రకం ప్రొటీన్ వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కళపెళా మరిగిస్తూ అరగంట ఉడికించాలి, తర్వాత మెత్తబడేదాకా వండుకోవాలి. పప్పులు, గింజలకి మామూలు గిన్నో కుక్కరో ఉండగా స్టీమర్ జోలికి పోనక్కర్లేదు.

ఎయిర్ ఫ్రయర్ కొనాలా ఇది కొనాలా అని అడిగేవాళ్లకి నా సమాధానం, కరకరలాడేది లేకపోతే ముద్ద దిగనివాళ్లకి ఎయిర్ ఫ్రయర్ మంచిదే, నూనెలో ముంచి తీయడం కంటే నయమే. కానీ బంగాళదుంప లాంటివి 120 డిగ్రీలు దాటిన వేడిలో ఎర్రగా వేగినప్పుడు క్యాన్సర్ తెప్పించొచ్చని అనుమానమున్న అక్రిలమైడ్ అనే పదార్థం తయారవుతుంది, ఆవిరి 100 దాటదు కాబట్టి ఆ గొడవ లేదు. పైగా ఎయిర్ ఫ్రయర్ ఉంటే మళ్లీ వేపుడు రుచి వైపే మనసు లాగుతుంది. సెలవుల నుంచి బయటపడాలనుకునేవాళ్లకి అది అంత సాయం చెయ్యదని నా అభిప్రాయం. కరెంటు స్టీమర్లలో టైమర్ ఉంటుంది, ఆఫీసు హడావిడి ఉన్నవాళ్లకి అది నిజంగా ఉపయోగం, కాకపోతే ప్లాస్టిక్ గిన్నెలు త్వరగా రంగు పట్టేస్తాయి, కడగడం కష్టం.

ఒక్కరో ఇద్దరో ఉండే ఇంట్లో అయితే రెండంతస్తులది కూడా పెద్దదే. రేకుల్లా విచ్చుకునే మడత స్టీమర్ ఒకటి దొరుకుతుంది, ఇంట్లో ఉన్న ఏ గిన్నెలోనైనా దించి మూత పెట్టేయొచ్చు, ధర చాలా తక్కువ, చోటు కూడా అక్కర్లేదు. ముందు అది కొని వాడి చూసి, నిజంగా రోజూ వాడుతున్నాం అనిపించాక పెద్దది తీసుకున్నా ఆలస్యమేమీ అవ్వదు.