రైఫిల్ గురి బాగుచేయిస్తున్నారా? ట్రిగ్గర్ మీద చేయి వేయనిచ్చే ముందు ఇది చదవండి

హంటింగ్ రైఫిల్ కొన్నాక గురి కుదరడం లేదని గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గరికి బయలుదేరుతున్నవాళ్లు కాస్త ఆగండి. నాకు డబ్బు పోయింది. అంతకంటే పెద్ద ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పింది.

నాది చెక్క స్టాక్ (భుజానికి ఆనించి పట్టుకునే భాగం) ఉన్న మామూలు బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే చేత్తో బోల్ట్‌ని వెనక్కీ ముందుకీ జరిపి తూటా ఎక్కించేది. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే వాడుతున్నాను. 100 మీటర్ల దూరంలో ఐదు రౌండ్లు కాలిస్తే ఏడు సెంటీమీటర్ల మేర చెదిరేవి. ఈ చెదురుని ఎంఓఏలలో (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) కొలుస్తారు. ఆ దూరానికి ఒక ఎంఓఏ అంటే సుమారు 2.9 సెంటీమీటర్లు కాబట్టి, దాదాపు రెండున్నర ఎంఓఏ. దగ్గరి వేటకి సరిపోతుంది గానీ, దెబ్బ తప్పుగా తగిలి జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో పడి చావడం నాకు భరించలేని విషయం. అందుకే ‘ఒక్క ఎంఓఏ లోపలికి తెస్తాను, గ్యారంటీ’ అన్న ఒకాయనకి ఇచ్చాను. బెడ్డింగ్ (లోహభాగం స్టాక్‌లో కదలకుండా కూర్చునేలా ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పోయడం), బారెల్ ఫ్రీ ఫ్లోట్ (గొట్టం స్టాక్‌కి తగలకుండా చేయడం), క్రౌన్ (గొట్టం మూతి అంచు) మళ్లీ కోయడం, ట్రిగ్గర్ తేలిక చేయడం, అన్నీ కలిపి ఒక ప్యాకేజీ. ముందుగా ఒక్కసారైనా కాల్చి చూసి, తేడా ఎక్కడుందో వెతకలేదాయన. నేనూ అడగలేదు.

పని అయ్యాక రైఫిల్‌తో పాటు ఒక టార్గెట్ కార్డు చేతిలో పెట్టాడు. మూడు రంధ్రాలు, ఒకదానికొకటి ఆనుకుని. చూడగానే నమ్మేశాను. మూడు రౌండ్లతో అలాంటి గ్రూప్ ఎంత నాసిరకం రైఫిల్ నుంచైనా అప్పుడప్పుడూ పడుతుంది. బారెల్ చల్లారనిస్తూ ఐదేసి రౌండ్ల చొప్పున కనీసం మూడు గ్రూపులు చూపించమని అడగండి. అదీ మీ కళ్ల ముందే.

రేంజ్‌కి వెళ్లి కాలిస్తే మొదటి రెండూ బాగానే పడ్డాయి, మూడోది నుంచి కుడివైపు పైకి పాకడం మొదలైంది. సన్నటి బారెల్ కదా, వేడెక్కిందనుకున్నాను. అరగంట ఆగి కాల్చినా అదే తీరు. ఇంటికొచ్చి బారెల్, స్టాక్ కలిసేచోట బొటనవేలు ఆనించి, స్టాక్‌ని పట్టి ఉంచే ముందరి స్క్రూ వదులు చేశాను. బారెల్ పైకి లేవడం వేలికి స్పష్టంగా తెలిసింది. బెడ్డింగ్ సరిగా ఉంటే కదలిక దాదాపు తెలియకూడదు.

విప్పి చూస్తే అసలు సంగతి బయటపడింది. కాల్చినప్పటి తన్నుని స్టాక్‌కి అందించేది రీకాయిల్ లగ్. సాధారణంగా దాని వెనక ముఖం మాత్రమే ఎపాక్సీకి ఆనుకోవాలి. ముందు, పక్కల, అడుగున టేపు అంటించి సందు వదలాలి. ఈయన అవేమీ చేయకుండా నలువైపులా బిగించేశాడు. స్క్రూ రంధ్రంలోకి కూడా ఎపాక్సీ కారి గట్టిపడింది. స్క్రూ మరల అచ్చు అందులో గీతలు గీతలుగా కనిపిస్తోంది. వెనక భాగంలో శనగగింజంత గాలి బుడగలు. ఫ్రీ ఫ్లోట్ చేశానన్న బారెల్ కింద కాగితం పెట్టి లాగితే ఎడమవైపు ఒకచోట పట్టేస్తోంది.

ఇదంతా డబ్బు నష్టం. ట్రిగ్గర్ సంగతి వేరు. చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, గొట్టాన్ని ప్రమాదం లేని దిక్కుకి తిప్పి, బోల్ట్‌ని గట్టిగా నెట్టి మూశాను. మూడోసారికి ‘టక్’మంది. ట్రిగ్గర్ ముట్టుకోకుండానే ఫైరింగ్ పిన్ పడింది! లోపల తూటా ఉంటే పేలేదే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ రైఫిల్‌తో రేంజ్‌లో నా పక్కన మనుషులు నిలబడి ఉన్నారు. ట్రిగ్గర్ లోపల చిన్న తేడా కూడా ఎంత పని చేస్తుందంటే, 2014లో రెమింగ్టన్ కంపెనీ తన ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్లను వెనక్కి పిలిపించుకుంది. బిగింపులో వాడిన జిగురు ఎక్కువై రైఫిల్ తనంతట తానే పేలే ప్రమాదం ఉందని తేలినందుకు.

ఇంతకీ మొదటి నుంచీ ఉన్న లోపం ఏంటో తెలుసా? మరో గన్‌స్మిత్ స్కోప్ (గురి చూసే దుర్భిణి) తీసి, దాన్ని రైఫిల్‌కి పట్టి ఉంచే వెనక బేస్ స్క్రూని వేళ్లతోనే తిప్పేశాడు. అది ముందు నుంచీ వదులే. టార్క్ రెంచ్‌తో బిగిస్తే ఐదు నిమిషాల పని. ముందు ఆ స్క్రూలన్నీ చూసుకుని, బారెల్‌లో పేరుకున్న రాగి పొర శుభ్రం చేసుకుని, మూడు నాలుగు రకాల తూటాలు మార్చి చూసుంటే ఆ ప్యాకేజీ అవసరమే వచ్చేది కాదు. కోసేసిన చెక్క, కోసేసిన క్రౌన్ మళ్లీ రావు.

ఆయన్ని అడిగితే ‘కార్డు చూపించాను కదా’ అన్నాడు, పైసా తిరిగివ్వలేదు. ఇప్పుడు ఫ్యాక్టరీ ట్రిగ్గర్ కొత్తది వేయించి, బెడ్డింగ్ తీయించి మళ్లీ పోయించాను. ఐదు రౌండ్లు మూడున్నర సెంటీమీటర్లలో పడుతున్నాయి. మీరూ ఎవరి దగ్గరైనా ట్రిగ్గర్ తేలిక చేయించుకుని ఉంటే, ఈసారి తూటా వేయకముందే ఖాళీ రైఫిల్‌తో ఆ బోల్ట్ పరీక్ష పది పన్నెండుసార్లు చేయండి. ఒక్కసారి పిన్ పడినా దాన్ని పక్కన పెట్టేయండి.