ఇన్సులిన్ పంపు: ఆరేళ్ల వాడకం, రెండు ఫైళ్లు

నాకు టైప్ 1 షుగర్. పదకొండో ఏట నుంచి రోజుకు నాలుగు ఇంజెక్షన్లు. ప్రభుత్వ ఆరోగ్య సేవ కింద ఉచితంగా పంపు (ఒంటికి తగిలించుకుంటే చర్మం కిందకి ఇన్సులిన్ పంపే చిన్న యంత్రం) వచ్చి ఆరేళ్లయింది.

అడగ్గానే ఇవ్వరు. ఎంత ప్రయత్నించినా హెచ్‌బిఎ1సి (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్త పరీక్ష) దిగకపోవాలి, లేదా షుగర్ ఉన్నట్టుండి ప్రమాదకరంగా పడిపోతుండాలి. నాది రెండో బాపతు. నిద్రలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. అయినా హెచ్‌బిఎ1సి 7 దగ్గరే ఉందని పంపు కోసం పెట్టిన ఫైలు మొదటిసారి తిప్పి పంపారు. బాగా చదివే పిల్లాడికి పుస్తకాలెందుకు అన్నట్టుంది వరస! రాత్రి పడిపోయిన ప్రతి రీడింగునూ తేదీ, టైముతో నోటుబుక్కులో రాసి చూపించాకే అది కదిలింది. అప్లై చేసే ఆలోచన ఉంటే ఆ నోటుబుక్కు ఈ రాత్రే మొదలుపెట్టండి.

పంపులో పోసేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే. రోజంతా కొంచెం కొంచెంగా వెళ్లేది బేసల్, తిండికి మనం నొక్కి ఇచ్చేది బోలస్. నాకు తెల్లవారుజామున 4 నుంచి 7 దాకా షుగర్ పెరుగుతుంది. ఆ మూడు గంటలకే బేసల్ పెంచి, అర్ధరాత్రి తగ్గించుకున్నాను. రోజుకోసారి వేసే లాంగ్ యాక్టింగ్ ఇంజెక్షన్‌తో ఇది కుదరదు. ఆ తర్వాత ఫిట్స్ రాలేదు. అలాగని పెట్టుకుని మర్చిపోయే వస్తువు కాదు. తినేదాంట్లో కార్బోహైడ్రేట్లు లెక్కేయాల్సింది ఇప్పటికీ మనమే.

రెండో ఏడు ఒక రాత్రి చర్మం కింద క్యాన్యులా (ఇన్సులిన్ లోపలికి వెళ్లే సన్న గొట్టం) వంగిపోయింది. షుగర్ 340 ఉంటే పంపుతోనే కరెక్షన్ (పెరిగిన షుగర్ దించే అదనపు డోసు) ఇచ్చి పడుకున్నాను. తెల్లారేసరికి వాంతులు, కీటోన్లు (ఇన్సులిన్ అందకపోతే రక్తంలో పేరుకునే ఆమ్లాలు) 3 దాటాయి, ఎమర్జెన్సీకి పరుగు. ఒంట్లో లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ ఉండదు కాబట్టి సరఫరా ఆగిన కొన్ని గంటల్లోనే ఇంత దూరం వస్తుంది. ట్రైనింగులో నర్సు చెప్పిందే, నేనే చెవిన పెట్టలేదు. ఇప్పుడు 250 దాటి ఒక కరెక్షన్‌కు దిగకపోతే కీటోన్లు చూసుకుని, ఇన్సులిన్ పెన్నుతో వేసుకుని, సెట్ (క్యాన్యులా, దాన్ని పంపుకు కలిపే గొట్టం) మార్చేస్తాను. పెన్ను లేకుండా గడప దాటను.

అసలు తలనొప్పి సెట్లు. రెండు మూడు రోజులకొకటి మార్చాలి, అంటే నెలకు పది నుంచి పదిహేను. ఒకసారి సరఫరా ఆలస్యమై ఒకే సెట్ ఐదు రోజులు ఉంచాను. పొట్ట మీద చర్మం ఎర్రగా వాచింది, షుగర్ అదుపు తప్పింది. సంతకం పెట్టేముందే అడగండి: సెట్లు ఎవరిస్తారు, ఎన్ని నెలలకు సరిపడా ఇస్తారు, అర్ధరాత్రి పంపు పాడైతే ఫోన్ ఎవరికి చేయాలి?

వారంటీ నాలుగేళ్లు. అది ముగిశాక కొత్త పంపుకు మళ్లీ ఫైలు. "షుగర్ బాగానే ఉందిగా, ఇంకా పంపు కావాలా?" అని అడిగారు. బాగున్నది దానివల్లేనని నమ్మించడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ పగిలిన బ్యాటరీ మూతకు టేపు వేసి నెట్టుకొచ్చాను.

కొత్తది చేతికి అంటించుకుని షుగర్ చూసే సెన్సర్‌తో కలిసి పనిచేస్తుంది. షుగర్ పడిపోయేలా ఉంటే బేసల్ తనే తగ్గిస్తుంది. కాకపోతే సెన్సర్ ఉన్న చేయి కింద పడేలా పడుకుంటే అది నొక్కుకుని, షుగర్ పడిపోకపోయినా పడిపోయిందని చూపించి, అలారంతో ఇల్లంతా లేపుతుంది. అందుకే సెన్సర్ ఏ చేతికి పెడితే ఆ పది రోజులూ రెండో పక్కకే తిరిగి పడుకుంటున్నాను.